నిప్పురవ్వ ఎందుకు రాలేదు? – మోటారు లోపపట్టికలపై ఒక విమర్శ

పెట్రోలు ఇంజను నడచుటకు మూడు విషయములు కావలెను. పెట్రోలు ఆవిరియు గాలియు తగుపాళ్ళలో కలిసిన మిశ్రమము ఒకటి. ఆ మిశ్రమమును సిలిండరులో గట్టిగా నొక్కు సంపీడనము రెండవది. సరియైన క్షణమున దానిని అంటించు నిప్పురవ్వ మూడవది. మొదటి రెండును మన ఇంద్రియములకు అందునవే. పెట్రోలు వచ్చుచున్నదో లేదో ముక్కు చెప్పును. సంపీడనము ఉన్నదో లేదో, పాత కార్లలో హ్యాండిలు త్రిప్పిన చేయి చెప్పును. నిప్పురవ్వ సంగతి అట్లు కాదు. అది ఇనుప గోడల మధ్య, కంటికి కనబడని చోట, సెకనులో వేయవ వంతు కాలములో పుట్టి అణగిపోవును. అది రాకున్నచో దాని లేమిని పట్టుకొనుటకు ఆలోచన తప్ప వేరు సాధనము లేదు.

ఈ ఆలోచనకు సహాయము చేయుటకని మరమ్మతు పుస్తకముల చివరి పుటలలో ఒక పట్టికను ఇచ్చు ఆచారము చాలకాలముగా ఉన్నది. ఎడమవైపు లక్షణము, నడుమ కారణము, కుడివైపు చికిత్స. ‘నిప్పురవ్వ లేదు’ అను లక్షణము ఎదుట బ్యాటరీ, ఇగ్నిషన్ స్విచ్చి, తీగలు, కాయిల్, కండెన్సర్, పాయింట్లు, రోటర్, డిస్ట్రిబ్యూటర్ మూత, ప్లగ్గులు అని వరుసగా పేర్లుండును. చికిత్స గడిలో సాధారణముగా ఒకే మాట: ‘పరీక్షించి, చెడినచో మార్చవలెను.’ ఈ పట్టికను, దానికి వెనుక నుండు పాఠమును కొంచెము నిదానముగా పరిశీలించుటయే ఈ వ్యాసము పని.

అంబాసిడర్ కారు తయారీ 2014లో నిలిచిపోయినది. పాయింట్లతో నడచు జ్వలన పద్ధతి అంతకు చాల ముందే కొత్త కార్లనుండి తొలగిపోయినది. అట్టిచో ఈ చర్చ ఎందుకని పాఠకులు అడుగవచ్చును. రెండు కారణములున్నవి. ప్రేమతో నిలుపుకొన్న పాత కార్లు ఇంకను మన ఊళ్ళలో తిరుగుచున్నవి. వాటి మర్మము తెలిసిన పనివారు తగ్గిపోవుచున్నారు. అంతకంటె ముఖ్యమైనది రెండవది. లోపమును వెదకు పద్ధతిని నేర్పుటకు ఇంత చక్కని యంత్రము మరొకటి దొరకదు. దీనిలో ప్రతి భాగమును విప్పి చూడవచ్చును. ప్రతి మెట్టును ఒక చిన్న బల్బుతో పరీక్షింపవచ్చును.

పాఠములోని మొదటి పొరపాటు

పట్టిక చెడుటకు ముందే పాఠము చెడుచున్నది. జ్వలన కాయిల్‌ను వివరించుచు తరచుగా ఇట్లు వ్రాయుదురు: ‘కాయిల్ ఒక ట్రాన్స్‌ఫార్మర్. దానిలో కొద్ది చుట్లుగల ప్రధాన తీగచుట్ట, పెక్కు చుట్లుగల గౌణ తీగచుట్ట ఉండును. చుట్ల నిష్పత్తి ననుసరించి బ్యాటరీ యొక్క 12 వోల్టులు 20 వేల వోల్టులుగా పెరుగును.’

వాక్యము నున్నగా ఉన్నది. లెక్క మాత్రము కుదరదు. ఇట్టి కాయిళ్ళలో చుట్ల నిష్పత్తి సుమారు ఒకటికి 60 మొదలు 100 వరకు ఉండును. నడుమ నున్న 80ని తీసుకొందము. పన్నెండును ఎనుబదితో గుణించినచో వచ్చునది 960 వోల్టులు. 20 వేలకు అది ఇరువదవ వంతు కూడ కాదు. మిగిలిన వోల్టులు ఎక్కడనుండి వచ్చినవి?

జవాబు ఫారడే 1831లో కనుగొన్న విద్యుదయస్కాంత ప్రేరణలోనే ఉన్నది. పాయింట్లు మూసికొన్నపుడు ప్రధాన తీగచుట్టలో విద్యుత్ప్రవాహము మెల్లగా పెరుగును. చుట్ట నిరోధము సుమారు 3 ఓములు గనుక అది 4 ఆంపియర్ల వరకు చేరును. ఆ మేరకు ఇనుప దూలము చుట్టును అయస్కాంత క్షేత్రము ఏర్పడును. శక్తి అంతయు ఆ క్షేత్రములో నిలువ చేయబడును. పాయింట్లు విడిపోయిన క్షణమున ఆ క్షేత్రము కూలిపోవును. ఎంత చటుక్కున కూలునో అంత ఎక్కువ పీడనము పుట్టును. ఆ పీడనము ప్రధాన చుట్టలోనే సుమారు 300 వోల్టులు కాగలదు. ఇప్పుడు 300ను 80తో గుణించి చూడుడు: 24 వేలు! బ్యాటరీ ఇచ్చినది 12 వోల్టులే. మిగిలిన పని చేసినది ప్రవాహము ఆగిన వేగము.

పొడవైన గొట్టములో నీరు వేగముగా పారుచుండగా కుళాయిని ఒక్కసారిగా కట్టినచో గొట్టమంతయు దద్దరిల్లునట్లు చప్పుడగును గదా. మెల్లగా కట్టినచో ఏ చప్పుడును ఉండదు. నీరు అదే, గొట్టము అదే. తేడా కట్టిన వేగములోనే ఉన్నది. కాయిల్‌లో జరుగునదియు ఇదియే.

ఈ పొరపాటు వలన ఏమి నష్టమని తోచవచ్చును. నష్టము తరగతి గదిలో కాదు, కారు దగ్గర. ట్రాన్స్‌ఫార్మర్ పాఠము చదివిన విద్యార్థి, నిప్పురవ్వ లేదనగానే బ్యాటరీని, కాయిల్‌ను అనుమానించును. గుణకారములో ఉన్నవి ఆ రెండే గదా! పాయింట్లు అతని దృష్టిలో స్విచ్చి మాత్రమే. ‘చటుక్కున తెగుట’ అను మాట అతని పాఠములో లేదు గనుక, అది చెడిపోగలదను ఊహయే అతనికి రాదు. ఈ తప్పు పాఠమువలన బాగున్న కాయిళ్ళు ఎన్నియో చెత్తకుప్ప చేరినవి.

కండెన్సర్‌కు జరిగిన అన్యాయము

రెండవ పొరపాటు కండెన్సర్‌ను గూర్చినది. ‘పాయింట్లు కాలిపోకుండ కాపాడుటకు దానిని అమర్చుదురు’ అని వ్రాసి ముగించుదురు. ఇది అబద్ధము కాదు, సగము నిజము. సగము నిజము మరమ్మతులో పూర్తి అబద్ధముకంటె ఎక్కువ శ్రమ పెట్టును.

పాయింట్లు విడిపోవు తొలి క్షణమున వాటి మధ్య ఎడము మిల్లీమీటరులో నూరవ వంతు కూడ ఉండదు. ప్రధాన చుట్టలో పుట్టిన పీడనము ఆ సన్నని ఎడమును సులభముగా దాటి విద్యుత్ చాపముగా మండును. చాపము మండుచున్నంతసేపు ప్రవాహము తెగినట్లు కాదు. కుళాయిని మెల్లగా కట్టినట్లే. ఈ స్థితిలో సుమారు 0.2 మైక్రోఫారడ్ గల చిన్న కండెన్సర్ పాయింట్లకు సమాంతరముగా నిలిచి, ఆ తొలి ప్రవాహమును తనలోనికి తీసుకొనును. ఈలోపున పాయింట్లు తగినంత దూరము జరుగును. ప్రవాహము సెకనులో పదివేలవ వంతుకంటె తక్కువ కాలములో ఆగిపోవును. పాయింట్లు కాలకుండుట ఈ పనిలో ఒక భాగము మాత్రమే. అసలు పని నిప్పురవ్వను పుట్టించుటయే.

ఈ సంగతి కొత్తది కాదు. ఫ్రాన్సు దేశపు భౌతిక శాస్త్రవేత్త ఫీజో 1853లో ప్రేరణ చుట్ట యొక్క విచ్ఛేదకమునకు కండెన్సర్‌ను జోడించి దాని బలమును పెంచవచ్చునని చూపెను. అప్పటికి మోటారు కారు పుట్టలేదు. అమెరికా ఇంజనీరు ఛార్లెస్ కెట్టరింగ్ రూపొందించిన బ్యాటరీ జ్వలన పద్ధతి కాడిలాక్ కారులో 1910 ప్రాంతమున వచ్చినపుడు, దానిలోని మూలసూత్రములన్నియు అంతకు అర్ధశతాబ్దికి ముందే ప్రయోగశాలలో తెలిసినవే.

సగము పాఠము చదివినవాడు ఎట్లు తర్కించునో గమనింపుడు. ‘కండెన్సర్ పాయింట్లను కాపాడును. అది చెడినచో పాయింట్లు కొన్నాళ్ళకు కాలును. కాని ఈరోజు ఇంజను అంటుకొనకపోవుటకు అది కారణము కాజాలదు.’ ఈ తర్కములో దోషము లేదు. దోషము పాఠములో ఉన్నది. నిజమునకు కండెన్సర్ లోపలి తీగ తెగినచో పాయింట్ల వద్ద నీలిమంట లేచును. ప్లగ్గు వద్ద నిప్పురవ్వ బలహీనమగును, లేదా పూర్తిగా రాదు. కండెన్సర్ లోపలనే షార్టు ఐనచో పాయింట్లు తెరచినను ప్రవాహము తెగదు. నిప్పురవ్వ అసలే రాదు. ఒకే భాగము రెండు విధములుగా చెడును. ఆ రెండింటి గుర్తులును వేరు. పట్టికలో మాత్రము ‘కండెన్సర్ చెడినది’ అని ఒక్క పంక్తియే ఉండును.

‘కరెంటు వచ్చుచున్నది’

పుస్తకములనే తప్పుపట్టి ఊరకుండుట న్యాయము కాదు. మన మాటలో కూడ ఒక చిక్కున్నది. తెలుగులో ‘కరెంటు’ అను మాటకు అర్థములు మూడు. వీధి దీపములు వెలుగుచున్నవనుటకు ‘కరెంటున్నది’ అందుము. తీగలో పీడనము ఉన్నదనుటకును ‘కరెంటున్నది’ అనియే అందుము. తీగగుండ ఇన్ని ఆంపియర్లు పారుచున్నవనుటకును అదే మాట. ఇంటిలో ఈ కలగాపులగము వలన హాని లేదు. కారు బానెట్ క్రింద మాత్రము గట్టి హాని ఉన్నది.

రోడ్డు ప్రక్క మెకానిక్ ఒక చిన్న బల్బుకు రెండు తీగలు కట్టి, ఒకదానిని కాయిల్ కొసకు, రెండవదానిని ఇంజను దిమ్మకు తాకించి, బల్బు వెలుగగానే ‘కాయిల్‌కు కరెంటు వచ్చుచున్నదండీ’ అనును. బల్బు పరీక్ష చక్కని పరీక్ష. తక్కువ ఖర్చుతో, తప్పుటకు వీలులేని విధముగా, తీగ తెగినదా లేదా అను ప్రశ్నకు అది జవాబు చెప్పును. కాని అది ఆ ఒక్క ప్రశ్నకే జవాబు.

ఒక ఉదాహరణ తీసుకొందము. ఇగ్నిషన్ స్విచ్చి లోపల మసిపట్టి, 2 ఓముల నిరోధము ఏర్పడినదనుకొందము. 3 వాట్ల బల్బుకు కావలసిన ప్రవాహము పావు ఆంపియరు మాత్రమే. ఆ ప్రవాహమునకు స్విచ్చిలో పోవునది అర వోల్టు. బల్బు దాదాపు పూర్తి కాంతితో వెలుగును. మెకానిక్ తృప్తిపడును. ఇక కాయిల్ సంగతి చూడుడు. దాని 3 ఓములకు స్విచ్చిలోని 2 ఓములు కలిసి 5 ఓములగును. 12 వోల్టులను ఐదుతో భాగించినచో ప్రవాహము 2.4 ఆంపియర్లు. రావలసినవి 4. అయస్కాంత క్షేత్రములో నిలువయగు శక్తి ప్రవాహపు వర్గము ననుసరించి ఉండును గనుక, శక్తి నూటికి 36 పాళ్ళకు పడిపోవును. స్టార్టరు త్రిప్పునపుడు బ్యాటరీ పీడనము 9, 10 వోల్టులకు దిగజారును. అప్పుడు ఈ శక్తి ఇంకను తగ్గును. ఇంజను అంటుకొనదు. అయినను ‘కరెంటు వచ్చుచున్నది!’

కాబట్టి బల్బు తరువాత వోల్టుమీటరు కావలెను. దానిని వాడు విధము కూడ తెలియవలెను. పైన చెప్పిన కారులోనే పాయింట్లు తెరచి యుండగా కాయిల్‌యొక్క స్విచ్చివైపు కొసవద్ద కొలిచినచో, మీటరు నిండుగా 12 వోల్టులు చూపును. ప్రవాహమే లేనిచోట నిరోధము కనబడదు. పాయింట్లు మూసి కొలిచినచో 7.2 వోల్టులు చూపి గుట్టు బయటపెట్టును. పని చేయుచుండగా కొలిచిన కొలతయే కొలత. ఈ ఒక్క మాట పట్టికలలో ఉండుట అరుదు. కొన్ని కార్లలో కాయిల్‌కు ముందు అదనపు నిరోధమును తయారీదారులే అమర్చియుందురు. అట్టిచోట పాయింట్లు మూసినపుడు 6 మొదలు 8 వోల్టులు చూపుట సహజము. దానిని లోపమని భ్రమింపరాదు.

పైకి తీసిన ప్లగ్గు చెప్పు అబద్ధము

పట్టికలలో మొదటి పరీక్షగా సాధారణముగా చెప్పునది ఇది: ప్లగ్గును విప్పి, తీగ తగిలించి, ఇంజనుపై పడుకోబెట్టి, స్టార్టరు త్రిప్పి, నిప్పురవ్వ వచ్చుచున్నదేమో చూడుడు. వచ్చినచో జ్వలన విభాగము నిర్దోషి అని తీర్పు. ఈ తీర్పు తొందరపాటుది.

మామూలు గాలిలో ఒక మిల్లీమీటరు ఎడమును దాటుటకు సుమారు 3 వేల వోల్టులు చాలును. ప్లగ్గు ఎడము 0.6 మిల్లీమీటరు. కనుక బయట రెండు మూడు వేల వోల్టులతోనే నిప్పురవ్వ దూకును. సిలిండరు లోపల మిశ్రమము నొక్కబడి, దట్టమై యుండును. అక్కడ అదే ఎడమును దాటుటకు 10 వేల వోల్టులు, ఒక్కొక్కప్పుడు అంతకు మించియు కావలెను. బయట చక్కగా మెరసిన ప్లగ్గు లోపల మౌనము వహింపవచ్చును. పరీక్షలో ఉత్తీర్ణమైనది, పనిలో తప్పినది.

నిప్పురవ్వ రంగును చూడుమనుట మరొక ఆచారము. ‘నీలముగా ఉన్నచో మంచిది, పసుపుగా ఉన్నచో బలహీనము’ అందురు. ఇందులో కొంత అనుభవము ఉన్నది. కాని పట్టపగటి ఎండలో రంగు తెలియదు. కొసలకంటిన మురికి కూడ రంగును మార్చును. రంగుకంటె పొడవు నమ్మదగినది. కాయిల్ నడినెత్తినుండి వచ్చు లావుపాటి తీగను డిస్ట్రిబ్యూటర్ మూతనుండి ఊడదీసి, దాని కొసను ఇంజను దిమ్మకు 6 మిల్లీమీటర్ల దూరమున నిలిపి చూడవలెను. ఆ ఎడమును నిప్పురవ్వ తడబాటు లేక దాటినచో, సిలిండరులోని ప్లగ్గునకు కావలసిన బలము ఉన్నదని ధైర్యముగా చెప్పవచ్చును. తీగను చేతితో గాక, పిడికి మంచి రబ్బరు తొడుగు ఉన్న పటకారుతో పట్టుకొనవలెను. దగ్గరలో పెట్రోలు తడి గాని ఆవిరి గాని లేకుండ చూచుకొనవలెను. ఈ హెచ్చరిక లేని పుస్తకము ఎంత చక్కగా ముద్రించినదైనను మంచి పుస్తకము కాదు.

వరుస కాదు, విభజన

ఇప్పుడు పట్టిక మూలదోషమునకు వత్తము. అది భాగముల పేర్లను వరుసగా చెప్పును. వాటి మధ్య సంబంధమును చెప్పదు. తొమ్మిది అనుమానములున్నవనుకొన్నచో, ఒకటి తరువాత ఒకటి చూచుకొనిపోవువాడు తొమ్మిదవదాని వరకు పోవలసి రావచ్చును. ప్రతి పరీక్షతోను అనుమానితులను సగమునకు తగ్గించువానికి మూడు లేక నాలుగు పరీక్షలు చాలును. జ్వలన వలయము ఈ విభజనకు తానే వీలు కల్పించుచున్నది.

మొదట డిస్ట్రిబ్యూటర్ మూత తీసి, స్టార్టరు త్రిప్పినపుడు రోటర్ తిరుగుచున్నదా, పాయింట్లు తెరచి మూసికొనుచున్నవా అని చూడవలెను. రోటరే తిరుగకున్నచో లోపము విద్యుత్తులో లేదు. దానిని త్రిప్పు పండ్ల చక్రములలోనో గొలుసులోనో ఉన్నది. అమ్మీటరు ఉన్న పాత కార్లలో దాని ముల్లు కూడ ఈ సమయమున కదలాడుచు సాక్ష్యమిచ్చును.

రెండవది, పైన చెప్పిన 6 మిల్లీమీటర్ల పరీక్ష. ఇగ్నిషన్ వేసి, మూసియున్న పాయింట్లను కట్టెపిడి స్క్రూడ్రైవరుతో తెరచినచో, కాయిల్ తీగ కొసన నిప్పురవ్వ దూకవలెను. దూకినచో బ్యాటరీ, స్విచ్చి, పాయింట్లు, కండెన్సర్, కాయిల్ – ఐదును ఒక్కదెబ్బతో నిర్దోషులైనవి. ఇక వెదకవలసినది మూతలోని పగులు, దాని నడుమ బొగ్గు ముక్క, రోటర్, ప్లగ్గు తీగలు, ప్లగ్గులు. రోటర్ లోలోపల కాలి, పీడనమును తన క్రింది ఇరుసులోనికి జార్చివేయుట అరుదు కాదు. పైకి చూచుటకు అది కొత్తదానివలెనే ఉండును. అదే లావుపాటి తీగ కొసను రోటర్ ఇత్తడి రేకుకు 3 మిల్లీమీటర్ల దూరమున నిలిపి పాయింట్లను మరల తెరచినచో, నిప్పురవ్వ రోటర్‌పైకి దూకరాదు. దూకినదా, పోవుటకు దానికి దారి దొరికినదన్నమాట, రోటర్ చెడినది.

రెండవ పరీక్షలో నిప్పురవ్వ రాకున్నచో మూత, ప్లగ్గులు మొదలైనవాటిని మరచిపోవచ్చును. మరమ్మతు ఇక తక్కువ పీడనపు వలయములోనే, లేదా కాయిల్‌లోనే. ఇక్కడ మెకానిక్ బల్బు తన గొప్పదనము చూపును. దానిని కాయిల్‌యొక్క పాయింట్లవైపు కొసకు, ఇంజను దిమ్మకు మధ్య తగిలించవలెను. లూకాస్ కాయిళ్ళపై ఈ కొసకు సి.బి. అని, స్విచ్చి వైపు కొసకు ఎస్.డబ్ల్యు. అని గుర్తులుండెడివి. పాయింట్లు తెరచినపుడు బల్బు వెలుగవలెను, మూసినపుడు ఆరవలెను. అట్లు జరిగినచో వలయము సక్రమముగా కలియుచు తెగుచున్నది. అనుమానము కండెన్సర్‌పై, కాయిల్ గౌణ చుట్టపై, లావుపాటి తీగపై నిలుచును. పైన చెప్పిన నిరోధపు మోసమును వోల్టుమీటరుతో ముందే తొలగించుకొనవలెను.

బల్బు ఎల్లప్పుడు వెలుగుచునే యున్నచో పాయింట్లు కలియుట లేదు: మసి, నూనె, తప్పు ఎడము, లేదా డిస్ట్రిబ్యూటర్ లోపలి సన్నని తీగ తెగుట. పాయింట్ల ఎడము ఇట్టి బ్రిటిషు డిస్ట్రిబ్యూటర్లలో సుమారు 0.35 మొదలు 0.40 మిల్లీమీటరు ఉండవలెను.

బల్బు ఎన్నడును వెలుగకున్నచో మూడు అవకాశములు. దానిని స్విచ్చివైపు కొసకు మార్చి చూడుడు. అక్కడను వెలుగకున్నచో లోపము స్విచ్చిలోనో దాని తీగలోనో ఉన్నది. అక్కడ వెలిగినచో, బల్బును మరల పాయింట్లవైపు కొసకు తగిలించి, ఆ కొసనుండి డిస్ట్రిబ్యూటర్‌కు పోవు తీగను ఊడదీయుడు. ఇప్పుడు వెలిగినచో డిస్ట్రిబ్యూటర్‌లో షార్టు ఉన్నది: కండెన్సరో, పాయింట్ల క్రింది విద్యున్నిరోధక బిళ్ళయో, తోలు ఊడిన తీగయో. ఇప్పుడును వెలుగకున్నచో కాయిల్ ప్రధాన చుట్టయే తెగినది. కాయిల్‌ను దోషి యనుటకు ఇప్పుడు మనకు హక్కు వచ్చినది, అంతకుముందు కాదు.

చూడుడు: ఇంతవరకు ఒక్క కొత్త భాగమును కూడ కొనలేదు.

మార్చివేయుట పరీక్షయేనా?

‘ఇంత తర్కమెందుకు? కొత్త కండెన్సర్ వేసి చూచిన తెలియదా?’ అని అనుభవజ్ఞులు అడుగుదురు. ఈ ఆక్షేపణలో కొంత న్యాయమున్నది. కండెన్సర్‌ను మామూలు మీటరుతో పూర్తిగా పరీక్షించుట కష్టము. వందల వోల్టుల వద్ద చెడునది, మీటరులోని చిన్న బ్యాటరీకి లొంగదు. అక్కడ బాగున్నదని తెలిసిన మరొక కండెన్సర్‌ను పెట్టి చూచుటయే సులువైన మార్గము. అందుచేత మార్చుట కూడ పరీక్షయే. కాని దానికి మూడు షరతులున్నవి. ఒక పర్యాయము ఒకే భాగమును మార్చవలెను. పెట్టినది బాగున్నదని ముందే తెలిసియుండవలెను. కొత్తది కనుక మంచిది అనుకొనరాదు. ఫలితము కనబడిన తరువాత పాతదానిని మరల పెట్టి, లోపము తిరిగి వచ్చుచున్నదా అని చూడవలెను.

ఈ మూడవ షరతును పాటించువారు అరుదు. కాయిల్, కండెన్సర్, పాయింట్లు మూడును ఒకేసారి మార్చి, ఇంజను అంటుకొనగానే సంతోషించుటయే లోకాచారము. మూడింటిలో దోషి ఏదో ఎవరికిని తెలియదు. బహుశః మూడును నిర్దోషులే. మార్చునపుడు విప్పి బిగించిన ఒక మరయే వదులుగా ఉండి యుండవచ్చును. ఆ మర మరల వదులైనపుడు కారు మరల ఆగును. యజమాని డబ్బు పోయినది. మెకానిక్ ఏమియు నేర్వలేదు. రెండవ నష్టము మొదటిదానికంటె పెద్దది.

పట్టికలలో కాలమునకు స్థానము లేకపోవుట మరొక లోపము. కొన్ని కాయిళ్ళు చల్లగా ఉన్నపుడు పనిచేసి, వేడెక్కగానే మొరాయించును. అరగంట చల్లారిన పిమ్మట ఏమియు ఎరుగనట్లు మరల పనిచేయును. డిస్ట్రిబ్యూటర్ లోపలి తీగ తొడుగు లోపలనే తెగి, కదలికనుబట్టి కలియుచు విడిపోవుచు ఉండును. ‘ఎప్పుడు ఆగినది? ఎంత దూరము నడచిన తరువాత? ఎంతసేపటికి మరల అంటుకొన్నది?’ అను ప్రశ్నలు వైద్యుడు రోగిని అడుగునట్టివి. పట్టికలో వీటికి గడి లేదు.

పట్టికకు ఉన్న మేలును దాచరాదు. చీకటిలో నిలుచున్న కొత్తవానికి అది ఒక చేతికర్ర. ఏ భాగమును మరువకుండ గుర్తుచేయును. మన ఆక్షేపణ దాని ఉనికిపై కాదు, దాని రూపముపై. ‘నిప్పురవ్వ లేదు’ అనుటకు బదులు ‘ఎక్కడివరకు ఉన్నది, ఎక్కడినుండి లేదు’ అని అడుగవలెను. ప్రతి అనుమానమునకును ఎదుట దానిని రుజువు చేయు పరీక్షను, రావలసిన కొలతను చెప్పవలెను. ఆ పరీక్ష ఏమి చెప్పదో కూడ చెప్పవలెను. పారిశ్రామిక శిక్షణ సంస్థలలో చదువు యువకుల చేతికి ఇట్టి పట్టిక రావలెను. దానితోపాటు, ప్రవాహము చటుక్కున తెగుటయే నిప్పురవ్వకు తల్లి యను సరియైన పాఠము రావలెను.

నేటి కార్లలో పాయింట్లు లేవు. వాటి స్థానమున ట్రాన్సిస్టర్లు ప్రవాహమును తెంచుచున్నవి. లోపమును వెదకుటకు ఒక పరికరమును తగిలించినచో అది తెరపై ఒక సంఖ్యను చూపును. ఆ సంఖ్య చెప్పునది ఏ వలయములో తేడా కనబడినదో అంతమాత్రమే; ఆ వలయములో తీగయో, కొసయో, భాగమో ఏది చెడినదో అది చెప్పదు. అయినను సంఖ్య చూచి వెంటనే భాగమును మార్చువారు నేడు తక్కువ మంది కారు. పాత పట్టిక కాగితమునుండి తెరమీదికి ఎక్కినది. దాని దోషము కూడ వెంట ఎక్కినది. పాత అంబాసిడర్ బానెట్ క్రింద ఒక బల్బు, ఒక మీటరు, కొంచెము ఓపిక పట్టుకొని నిలిచి నేర్చిన పద్ధతి, ఈ కొత్త కార్లవద్ద కూడ అంతే పనికివచ్చును.